ఆదివారం కురవని వాన

మా ఊళ్ళో తొమ్మిదేళ్ళ పాటు ఆదివారం నాడు వాన పడలేదు. ఇది నా మాట కాదు, మునిసిపాలిటీ వాన రిజిస్టరు మాట. సోమవారం పడేది, గురువారం పడేది, అమావాస్యకీ పున్నమికీ పడేది. ఆదివారం మాత్రం ఆకాశం సెలవు తీసుకునేది. ఈ వింత కనిపెట్టినవాణ్ణి నేనే. కనిపెట్టినందుకు ఇవాళ్టికీ నాకు సంతోషం లేదు.

ఊరి పేరు చెప్పను. పాలకొల్లులో బస్సెక్కితే గంటలోపే దిగుతారు, అంతవరకే చెబుతాను. చెప్పాలనుకున్నది ఊరి సంగతి కాదు, కృపారాణి గారి సంగతి.

ఆవిడ మంచినీళ్ళ పంపుహౌసులో రోజుకూలీ మనిషి. భర్త అక్కడే వాల్వులు తిప్పేవాడు. తొంభై రెండులో, తూము దగ్గర అడ్డం పడ్డ గుర్రపుడెక్క లాగుతుంటే పాము కరిచి పోయాడు. అప్పటికావిడకి ఇరవై ఎనిమిదేళ్ళు. పిల్లల్లేరు. అత్తగారు సంపూర్ణమ్మ ఒక్కతే తోడు. ఆఫీసువాళ్ళు జాలిపడి "రేపట్నుంచి నువ్వు రామ్మా" అన్నారు, పర్మినెంటు చేస్తామని కూడా అన్నారు. రేపట్నుంచి రమ్మన్న మాట నిలబెట్టుకున్నారు. రెండో మాట తాలూకు ఫైలు తొమ్మిదేళ్ళుగా ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదకి ప్రయాణం చేస్తూనే ఉంది.

ఆవరణ ఊడవడం, బ్లీచింగ్ పొడి బస్తాలు విప్పడం, ఫోనొస్తే ఎత్తడం ఆవిడ పనులు. వీటన్నిటితో పాటు వాన కొలవడం. పంపుహౌసు వెనక తీగ కంచెలో వాన గేజీ ఉండేది. గేజీ అంటే బ్రహ్మాండమైన యంత్రమేం కాదు. ఒక రేకు డబ్బా, పైన గరాటు, లోపల సీసా. రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకి సీసాలో నీళ్ళని గీతల గ్లాసులో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో చూసి రిజిస్టరులో రాయాలి. చాలాచోట్ల ఈ పని మంచం దిగకుండానే అయిపోతుంది. కిటికీలోంచి చూసి 'పదుంటుందిలే' అని రాసేస్తారు. కృపారాణి గారు అలా కాదు. గ్లాసు గట్టు మీద పెట్టి, చీర కుచ్చెళ్ళు తడిసినా సరే మోకాళ్ళ మీద కూర్చుని, కన్ను నీటి మట్టానికి తెచ్చి చూసేవారు. పన్నెండూ పాయింటు నాలుగంటే పన్నెండూ పాయింటు నాలుగే.

ఆ గేజీ గురించే ఆవిడకీ ఆపరేటరు శ్యాంబాబుకీ పడేది కాదు. అతను పక్కూరి నుంచి సైకిలు మీద వచ్చేవాడు. మంచి పనిమంతుడేగాని నోటి దురుసు. స్నానం చేసి తడి లుంగీ తెచ్చి గేజీ కంచె మీద ఆరేసేవాడు. "నీ లుంగీ నీళ్ళు గేజీలో పడితే గవర్నమెంటోళ్ళు వాననుకుంటారయ్యా" అని ఈవిడ అరిచేవారు. "పడనీ, మా లుంగీ పేరు హైదరాబాదు దాకా వెళ్తుంది" అని అతను. వీళ్ళ గొడవ ఆఫీసులో అందరికీ కాలక్షేపం.

ఇక్కడ పంపుహౌసు కట్టుబాటు ఒకటి చెప్పాలి. మా ఊరి మురుగుకాలవ, మంచినీళ్ళు తోడే తూముకి ఎగువన పంటకాలవలో కలుస్తుంది. ఈ తెలివైన ఏర్పాటు ఎవరిదని అడక్కండి. తిలా పాపం తలా పిడికెడు. అందుకని అంగుళం వాన పడితే తూము ఆరుగంటలు మూసెయ్యాలి. ఊరు కడుక్కున్న మురుగంతా కిందకి పోయాక మళ్ళీ ఎత్తాలి. డ్యూటీలో ఆపరేటరుంటే అతనే మూస్తాడు. లేకపోతే, గేజీ చూసినవాళ్ళు పరుగున వెళ్ళి ఇంజనీరుగారికి చెప్పి మూయించాలి.

రెండువేల ఒకటి జూన్లో ఆ తూము ముయ్యలేదు. కాలవలకి కొత్త నీళ్ళు వదిలి వారమైంది. వేసవంతా చినుకు లేక ఊరు దుమ్మూ చెత్తా పట్టి ఉంది. ఆ నెలాఖరు సోమవారం నుంచి వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి. నాలుగు రోజుల్లో మూడు వందల మంది ఆస్పత్రి పాలయ్యారు. నలుగురు పోయారు. ఇద్దరు ముసలివాళ్ళు. మిగతా ఇద్దరు, ఎలిమెంటరీ స్కూలు వెనక వీధిలో ఉండే అక్కాచెల్లెళ్ళు. ఏడేళ్ళదీ, ఐదేళ్ళదీ.

అప్పుడొచ్చాను నేను. కాకినాడలో ఎం.టెక్. చేసి, అద్దె గదిలో ఒక కంప్యూటరు పెట్టుకుని, నా అంతవాడు లేడనుకుంటున్న రోజులు. వాన నీళ్ళు ఊళ్ళోంచి ఎలా పారతాయో, వాటితో ఎంత మురుగు ఎప్పుడు ఎక్కడికి చేరుతుందో కంప్యూటరులో చూపించే మోడల్ నా చదువు. మునిసిపాలిటీ వాళ్ళు నన్ను పిలిచి, ఆ మురుగు తూములోకి ఎప్పుడు దూరిందో తేల్చమన్నారు.

ఊరిని నలభై మూడు ముక్కలుగా కోశాను. కాగితం మీదేలెండి. ఒక్కో ముక్కలో ఎంత డాబా, ఎంత మట్టి, నీళ్ళు ఎటు వాలతాయి అన్నది కొలిచి కంప్యూటరుకి చెప్పాను. మా డెల్టాలో నేల అరచెయ్యంత సమంగా ఉంటుంది. నీళ్ళు ఎటు పోవాలో నీళ్ళకే తెలియదు. ఎండ రోజుల్లో చెత్త రోజుకింతని పేరుకుంటుంది, వాన రాగానే కడుక్కుని కాలవలో పడుతుంది. తొలి వానకి వచ్చిన కంపు పదో వానకి రాదని ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. నా మోడల్ చెప్పేదీ అదే. కాకపోతే గంటగంటకీ అంకెతో చెబుతుంది.

దానికి కావలసింది వాన లెక్క. కృపారాణి గారి రిజిస్టర్లు తెచ్చి ఇచ్చారు. తొమ్మిదేళ్ళవి, ఒక్క కొట్టివేత లేకుండా. జూన్ ఇరవై నాలుగు ఆదివారం, సున్నా. ఇరవై ఐదు సోమవారం, డెబ్బై ఒకటి. అంటే ఆదివారం ఎనిమిదిన్నరకీ సోమవారం ఎనిమిదిన్నరకీ మధ్య కురిసిందన్నమాట. ఏ గంటలో అని మునిసిపల్ ఇంజనీరు, డీఈ వీరభద్రరాజు గారిని అడిగాను. "ఆదివారం రాత్రి పదింటికి పడిందయ్యా" అన్నారు. అదే కొట్టాను. అర్ధరాత్రికి మురుగు తూము చేరినట్టు కంప్యూటరు ఎర్రగీత గీసింది.

ఆదివారం సాయంత్రం ఆరు నుంచి సోమవారం పొద్దున్న ఆరు దాకా డ్యూటీ శ్యాంబాబుది.

నా ఎర్రగీతని కౌన్సిల్ హాల్లో గోడ మీద పెద్దది చేసి చూపించాను. చప్పట్లు కూడా కొట్టారు. శ్యాంబాబు చివర నిలబడి "నా డ్యూటీలో చినుకు పడలేదండి. నేనొచ్చేసరికే నేల తడిసుందండి" అన్నాడు. ఎవరూ వినలేదు. గీత అంత స్పష్టంగా ఉంటే మనిషి మాట ఎవరికి కావాలి? అతన్ని సస్పెండ్ చేశారు. విచారణకి ఉత్తర్వులొచ్చాయి. టీకొట్టువాడు అతనికి టీ పొయ్యనన్నాడు. అతని కూతుర్ని బళ్ళో 'మీ నాన్న పిల్లల్ని చంపాడు' అన్నారట, ఆ పిల్ల బడి మానేసింది. ఆ వాన ఏ రోజు కురిసిందో ఊళ్ళో అడిగి చూశాడు. ఒకరు శనివారమన్నారు, ఒకరు ఆదివారమన్నారు, టీకొట్టువాడైతే సోమవారమని ఒట్టేశాడు. పది నెలల కిందటి వాన ఎవరికి గుర్తుంటుంది? రిజిస్టరుకి గుర్తుంటుంది.

రెండువేల రెండు మే నెలలో విచారణ. శుక్రవారం పదకొండింటికి. రాజమండ్రి నుంచి సుప్రజ గారని ఒక అధికారిణి వస్తారు, నా నివేదిక చూసి తేల్చేస్తారు, శ్యాంబాబు ఉద్యోగం పోతుంది, పోలీసు కేసు కూడా కావచ్చు. నివేదిక చివర ఆస్పత్రిలో చేరినవాళ్ళ పట్టీ జతచెయ్యమన్నారు. సోమవారం నాడు కూర్చుని టైపు చేస్తున్నాను.

మొదటి పేషెంటు ఒక ముసలావిడ. ఇరవై ఐదో తారీకు, సోమవారం, పొద్దున్న ఆరూ నలభైకి. తొమ్మిది లోపల పదకొండుమంది. నా చెయ్యి ఆగిపోయింది. మా ఊళ్ళో కుళాయిలు పొద్దున్న ఆరింటికీ సాయంత్రం ఐదింటికీ వదులుతారు. నా ఎర్రగీత ప్రకారం పాడునీళ్ళు కుళాయిల్లోకి వచ్చింది సోమవారం ఆరింటికి. నీళ్ళు తాగిన అరగంటకి ఎవరూ ఆస్పత్రిలో పడరు. ముందు రోగం వచ్చి, తర్వాత నీళ్ళు వచ్చాయా?

వాన ముందుకి జరపాలి. ఆదివారం తెల్లవారుజామున పడిందనుకుంటే సాయంత్రం ఐదింటి నీళ్ళలో మురుగొస్తుంది, రాత్రికి కడుపులో పని మొదలవుతుంది, తెల్లారేసరికి ఆస్పత్రి. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. కాని ఆదివారం గడిలో సున్నా. ఇంతకుముందు ఆదివారాలు ఎలా ఉన్నాయో చూద్దామని పేజీలు తిప్పాను. సున్నా. సున్నా. తుఫాను రోజుల్లో కూడా సున్నా. నాలుగు వందల డెబ్బై ఆదివారాలు. అన్నీ సున్నాలే. నా మోడల్ని తప్పుపట్టే సాక్ష్యం నా చేతుల్లోనే ఇన్నాళ్ళుగా ఉంది. నేను చదవలేదు, అంకెలు కొట్టుకుంటూ పోయాను, అంతే.

మర్నాడు ఎనిమిదిన్నరకి పంపుహౌసుకి వెళ్ళాను. కాలవలు కట్టేసిన రోజులు, అడుగున బురద బీటలు తీసి ఉంది. ఎండ అప్పుడే కాలుస్తోంది. అయినా కృపారాణి గారు గేజీ మూత తీసి, సీసా బయటికి తీసి, గ్లాసులోకి వంచి, ఏమీ రాలేదని చూసుకుని, అప్పుడు సున్నా రాస్తున్నారు.

"కృపారాణి గారూ, ఆదివారాలు మీరు రారా?" అన్నాను.

ఆవిడ పెన్ను మూత పెట్టడానికి చాలాసేపు పట్టింది.

"ఆరాధన ఎనిమిదిన్నరకేనండి. మా లూథరన్ చర్చి ఆ చివర్నుంది. మా ఆయన పోయినప్పుడు మా అత్తయ్య ఒక్కటే అడిగిందండి, ఆదివారం మాత్రం నా పక్కన కూర్చోమ్మా అని. వానెక్కడికి పోద్దండి? సీసాలోనే ఉంటది కదా. సోమారం వచ్చి రెండు రోజులదీ కలిపి కొలిచేదాన్ని. ఒక్క చుక్క పోనివ్వలేదండి బాబూ."

"మరి సున్నా ఎందుకు రాశారు? ఖాళీగా వదలొచ్చుగా?"

"మొదట్లో వదిలేసేదాన్నండి. ఖాళీలుండకూడదని పైనుంచి మెమో వచ్చింది. సోమారం కొలిచింది ఆదివారం గడిలో రాద్దామంటే, చూడంది చూసినట్టు రాయడమవుద్ది కదండీ. అలా నేను రాయను."

"సున్నా రాయడం మాత్రం ఏంటి? అది చూశారా?" నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

ఆవిడ కంచె తీగ పట్టుకుని నిలబడ్డారు. నేను అడక్కుండానే, "ఆ రోజు నాలుగింటికి మొదలెట్టి ఆరున్నర దాకా దంచేసిందండి. గొడుగేసుకుని మా అత్తయ్యని నడిపించుకెళ్ళాను" అన్నారు.

"అప్పుడు శ్యాంబాబు డ్యూటీలో లేడు."

"లేడండి. ఎవరూ లేరండి. శనివారం రాత్రి నించి ఆదివారం సాయంత్రం దాకా మనిషి లేడు, మోటారొక్కటే తిరుగుద్ది. ఆ పోస్టు ఖాళీ. ఎనిమిదిన్నరకి రావాల్సింది నేనొక్కదాన్నే."

ఆ మాట అన్నాక ఆవిడ నా మొహం చూడలేదు. నాకు అప్పుడు అర్థమైంది. గేజీలో డెబ్బై ఒకటి చూసి పరిగెత్తాల్సిన మనిషి ఆ పొద్దున్న చర్చిలో పాట పాడుతోంది. శ్యాంబాబుని కాపాడే నిజం ఈవిణ్ణి ముంచుతుంది.

"పది నెలల నుంచీ తెలుసా మీకు?"

"మింగలేక కక్కలేక చస్తన్నానండి. కంప్యూటరు తెస్తన్నారంటే ఎంత సంబరపడ్డానో. అది అబద్ధమాడదంటారు కదా, అదే చెప్పేస్తదిలే, నా నోటితో చెప్పక్కర్లేదనుకున్నాను. తీరా చూస్తే నేను రాసిందే నాకు చెప్పింది."

నా చదువంతటి మీదా నాకు సిగ్గేసిన క్షణం అదొక్కటే.

నేరుగా వీరభద్రరాజు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చెడ్డమనిషని ఎవరైనా అంటే నేనొప్పుకోను. మర్యాదస్తుడు. కూర్చోబెట్టి మజ్జిగ తెప్పించారు. అంతా విన్నారు. తలుపు దగ్గరికి వేసి వచ్చారు.

"ఆదిత్యా, ఆ పోస్టు ఖాళీగా ఉంచింది నేను. పైవాళ్ళు మనుషుల్ని తగ్గించమన్నారు, తగ్గించాను. ఇప్పుడు ఆదివారమంటే అది నా పీక మీదకొస్తుంది. నాకు ఇంకా రెండేళ్ళుంది సర్వీసు. శ్యాంబాబుని ఏదో చేసి మళ్ళీ లోపలికి లాక్కుంటాంలే. నీ మోడల్ బావుంది. రాజమండ్రికీ కాకినాడకీ నేను రాస్తాను, అక్కడా నువ్వే చేద్దువుగాని." మజ్జిగ గ్లాసు నా వైపు జరిపారు. "ఆ ఆస్పత్రి పట్టీలో తారీకులు చాలవూ? గంటలెందుకు?"

నేను ఇంటికొచ్చి, ఆ గంటల వరస తీసేశాను. ఒక్క మీట నొక్కితే పోయింది. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

కృపారాణి గారినీ ఆయన పిలిచారట. "నీ పర్మినెంటు కాగితం నా బల్ల మీదే ఉందమ్మా. శుక్రవారం సంతకం పెడతాను. ఆ రోజు ఎండగా ఉంటుంది, నువ్వు ఇంటిదగ్గర ఉండు" అన్నారట.

శుక్రవారం నిజంగానే ఎండ మండిపోయింది. కౌన్సిల్ హాల్లో రెండు ఫ్యాన్లు, ఒకటి కీచుమంటూ. సుప్రజ గారు నడివయసావిడ, ఎక్కువ మాట్లాడరు, కళ్ళజోడు పైనుంచి చూస్తారు. ఆవిడ ముందు తొమ్మిది రిజిస్టర్లు, నా నివేదిక. ఒక పక్క డీఈ గారూ నేనూ. ఎదురుగా శ్యాంబాబు. చిక్కిపోయి, చొక్కా వదులై, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకేమైనా చెప్పుకునేది ఉందా?" అని ఆవిడ అడిగారు.

"చెప్పిందేనండి. నా డ్యూటీలో పడలేదండి" అన్నాడు. పదిసార్లు చెప్పీ చెప్పీ అతనికే నమ్మకం పోయినట్టుంది.

సుప్రజ గారు పెన్ను తీశారు. అప్పుడు తలుపు దగ్గర అటెండరు "లోపలికి వెళ్ళకూడదమ్మా" అనడం వినిపించింది. వినిపించేలోపలే కృపారాణి గారు లోపలికొచ్చేశారు. ఆదివారాలు కట్టుకునే తెల్లచీర కట్టుకున్నారు. చెమటకి మెడంతా తడిసి ఉంది.

"అమ్మగారూ, ఆ పుస్తకాల్లో చేతిరాత నాదండి. అందులో ఆదివారాలన్నీ అబద్ధం."

డీఈ గారు లేచారు. "మేడమ్, ఈవిడ పేరు సాక్షుల పట్టీలో లేదు. రోజుకూలీ మనిషి. పాపం ఎవరో చెప్పి పంపినట్టున్నారు. వీళ్ళిద్దరూ ఒకచోట పనిచేసినవాళ్ళు, స్నేహం ఉంటుంది కదా."

ఉద్రిక్తంగా ఉన్న ఆ గదిలో, స్నేహమన్న మాటకి శ్యాంబాబు తెల్లబోయి చూశాడు. అది నాకు ఇప్పటికీ గుర్తు.

కృపారాణి గారు ఆగలేదు. చర్చి, సీసా, మెమో, సోమవారం కొలత, ఆ రోజు తెల్లవారుజాము వాన, అన్నీ వరసగా చెప్పారు. మాట తడబడలేదు. సుప్రజ గారు కళ్ళజోడు తీశారు.

"ఇన్నాళ్ళూ చెప్పనిదానివి ఇవాళ చెబుతున్నావు. నిన్ను ఎలా నమ్మమంటావు?"

కృపారాణి గారు నా వైపు చూశారు. 'మీకు తెలుసు కదా బాబూ' అని అనలేదు. చూశారు, అంతే. నేను ఫ్యాను కీచులు లెక్కపెట్టాను. ఏడు. ఎనిమిది. డీఈ గారి చెయ్యి నా మోచేతి పక్కనే బల్ల మీద ఉంది. నేను లేవకపోతే ఆవిడ అబద్ధాలకోరుగా ఇంటికి వెళ్తుంది, అతను హంతకుడుగా వెళ్తాడు, నేను కాకినాడ వెళ్తాను. తొమ్మిదికి లేచాను.

"మేడమ్, నాలుగు వందల డెబ్బై ఆదివారాలున్నాయి. అన్నీ సున్నాలే. మా ఊళ్ళో ఏడాదికి డెబ్బై రోజులు వాన పడుతుంది. మీరే చూడండి" అన్నాను. ఆస్పత్రి గంటలు నేనే తీసేశానని మాత్రం అనలేకపోయాను. "ఆస్పత్రిలో అసలు రిజిస్టరు తెప్పించండి" అన్నాను. అంతవరకే వచ్చింది నా ధైర్యం.

సుప్రజ గారు పేజీలు తిప్పారు. మొదటి పుస్తకం, రెండోది, మూడోది. ఐదో పుస్తకం దగ్గర ఆపేశారు.

"ఆ ఆదివారం ఎనిమిదిన్నరకి నువ్వు వచ్చి ఉంటే ఏం చెయ్యాలి?"

"చూసి, డీఈ గారింటికి పరిగెత్తాలండి. తూము మూయించాలండి."

"వెళ్ళలేదు."

"వెళ్ళలేదండి."

ఆ రెండు ముక్కలూ ఆవిడ అన్న తీరు నేను వర్ణించలేను. ఒకటి చెప్పగలను, ఆ హాల్లో తలెత్తి నిలబడ్డ మనిషి ఆవిడ ఒక్కతే.

పది రోజుల్లో ఉత్తర్వులొచ్చాయి. శ్యాంబాబుని డ్యూటీలోకి తీసుకున్నారు. వీరభద్రరాజు గారిని వేరే ఊరికి మార్చారు. కృపారాణి గారిని రేపట్నుంచి రావద్దన్నారు. పదేళ్ళ కిందట రమ్మన్నంత సులువుగా. ఆవిడ సంచి తీసుకోవడానికి పంపుహౌసుకి వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. శ్యాంబాబు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. దణ్ణం పెట్టాలో కాళ్ళ మీద పడాలో తెలియక చేతులు గాల్లో ఆడించాడు. చివరికి, "లుంగీ ఇంకెప్పుడూ అక్కడ ఆరెయ్యనండి" అన్నాడు. ఆవిడ నవ్వబోయి ఏడ్చేశారు.

నేను మళ్ళీ మోడల్ తిప్పాను, వానని ఆదివారం నాలుగింటికి జరిపి. ఇప్పుడు ఆస్పత్రి లెక్కా నా గీతా ఒకదానిమీదొకటి కూర్చున్నాయి. పొరపాటు దిద్దుకున్నాను, అక్కడితో ఆగి ఉండాల్సింది. ఆగలేదు. తొమ్మిదింటికి తూము మూసి ఉంటే ఏమయ్యేదో అని ఇంకొక్కసారి తిప్పాను. అప్పటిదాకా లోపలికి వచ్చిన మురుగు ఐదో వంతు. మిగతా నాలుగు వంతులూ తొమ్మిది తర్వాతే వచ్చాయి. ఆ ఐదో వంతుకి మామూలుగా వేసే బ్లీచింగ్ సరిపోయేది. మూడుసార్లు తిప్పి చూశాను. మూడుసార్లూ అదే.

కంప్యూటరు ఆపేసి, వారం రోజులు దాని జోలికి పోలేదు.

జూన్లో, కాలవలకి మళ్ళీ నీళ్ళొచ్చాక, వాళ్ళింటికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో చెప్పలేను. సంపూర్ణమ్మ గారు అరుగు మీద చేటలో బియ్యం చెరుగుతున్నారు. కృపారాణి గారు పీట వేశారు, మంచినీళ్ళిచ్చారు. కాచి చల్లార్చిన నీళ్ళు. ఇప్పుడు రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తీసే పనికి వెళ్తున్నానని చెప్పారు. వేళ్ళకి గాట్లు పడి ఉన్నాయి. ఉద్యోగం సంగతి ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

లేవబోతుంటే అడిగారు.

"బాబూ, మీ కంప్యూటరుని ఒక మాట అడుగుతారా? ఆ పొద్దున్న నేను ఎనిమిదిన్నరకి వెళ్ళుంటే, ఆ పిల్లలిద్దరూ బతికేవాళ్ళా అని."

చెరుగుతున్న చేట ఆగిపోయింది.

అబద్ధమాడటం నాకు కొత్త కాదని మీకు తెలిసిపోయిందిగా. చాలా మామూలుగా అన్నాను. "అడిగానండి. తేడా ఏం ఉండేది కాదు. మురుగు అప్పటికే లోపలికి వచ్చేసింది. మీరు వెళ్ళినా అంతే, వెళ్ళకపోయినా అంతే."

"నిజంగానా?"

"నిజంగానండి."

ఆవిడ మొహం ఒక్కసారి విప్పారింది. ఏడాదిలో ఆ మొహంలో అలాంటి వెలుగు నేను చూడలేదు. గబగబా లోపలికి వెళ్ళి, నోటుపుస్తకంలోంచి ఒక తెల్లకాగితం చింపుకొచ్చారు. పెన్ను కూడా తెచ్చారు.

"ఆ ముక్క ఇందులో రాసివ్వండి బాబూ. కింద మీ సంతకం పెట్టండి. ఎవరికీ చూపించను. నా బైబిల్లో పెట్టుకుంటాను."

కాగితం మోకాలి మీద పెట్టుకున్నాను. తారీకు వేశాను. 'కృపారాణి గారికి' అని రాశాను. తర్వాతి మాట రాయడానికి పెన్ను ఆనించాను. నోటితో అంత సులువుగా వచ్చింది చేతికి రావడం లేదు. సిరా చుక్క పెద్దదవుతోంది. ఆవిడ నా చేతినే చూస్తూ కూర్చున్నారు, కన్ను కాగితం మట్టానికి తెచ్చి.

ఆవిడే నెమ్మదిగా నా చేతి కిందనుంచి కాగితం తీసుకున్నారు.

"ఎండెక్కిపోతోంది, వెళ్ళిరండి బాబూ" అన్నారు.